మా అత్త కట్టిన రాతి మడులు

మొన్న సాయంత్రం హిందూపురం బజారులో పూలమ్మే ఆమె దవనం కట్టల మీద నీళ్లు చిలకరించింది. చేదూ తీపీ కలిసిన ఆ వాసన గుప్పున లేచేసరికి నా కాళ్లు నన్ను అడగకుండానే ఎడమకు తిరిగాయి. ఎడమ పక్కన ఉన్నది సైకిల్ షాపు. అందులోని కుర్రాడు ఏం కావాలవ్వా అని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి, వెనక్కి వచ్చి, కొనే ఉద్దేశం లేకపోయినా దవనానికి కాసేపు బేరమాడి ఇంటికి చేరాను. ఆ వాసన తగిలిన చోట ఎడమకు తిరిగితే నీళ్ల తొట్టి ఉండాలి. అంటే, ఒకప్పుడు ఉండేది. రొద్దానికి ఇవతల పెన్నేటి ఒడ్డు పల్లెలో, మా అత్త ఓబులమ్మ దొడ్లో.

మీరు ఆమెను చూడలేదు. చూపించడానికి నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. పొడుగు మనిషి, ఎండిన చింతబరికె లాంటి మనిషి. మాటలు తక్కువ, ఆ తక్కువలోనూ సగం తిట్లే. అత్త మంచిదని కోడలు చెబితే లోకం నమ్మదని నాకు తెలుసు. అందుకే ఆమె మంచిదని చెప్పడానికి నేను కూర్చోలేదు. నాకు మట్టి రుచి నేర్పింది ఆమె, మనిషికి సాయపడడమంటే ఏమిటో నేర్పిందీ ఆమే. రెండోది నేర్పడానికి ఆమె చాలా పోగొట్టుకోవాల్సి వచ్చింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం ఆగదు.

నేను కాపురానికి వెళ్లింది యాభైల చివర్లో. మా నాన్నది హిందూపురంలో బెల్లం వ్యాపారం. బజారు సందడిలో పెరిగినదాన్ని. పెనుకొండ నుంచి ఎద్దులబండి మీద ఆ పల్లెకు దిగేసరికి పొద్దుగూకింది, ఇల్లు సరిగా చూడలేదు. మర్నాడు పొద్దున్నే వెనక వాకిలి తీసి చూశాను. దొడ్డి నిండా గోరీలు. పొడుగ్గా, నలుపలకలుగా, నాలుగు పక్కలా బండలు నిలబెట్టి కట్టినవి. ఈ వంశంలో ఇంతమంది పోయారా, పోయినవాళ్లందరినీ ఇంట్లోనే పెట్టుకున్నారా అని నిలబడిపోయాను. కాస్త ధైర్యం చేసి దగ్గరికి పోతే ఒక గోరీ మీద మల్లెమొగ్గలు కనిపించాయి. ఊళ్లోవాళ్లు కూడా వాటిని ఓబులమ్మ గోరీలనే అంటారని తర్వాత తెలిసింది. ఆమె ఆ మాటను ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసేది.

ఆ దొడ్డి నేల చౌడు. ఎండాకాలం పొద్దున్నే చూస్తే ఉప్పు చల్లినట్టు తెల్లగా పొంగి ఉండేది. చాకలివాళ్లు బట్టలు ఉడకబెట్టడానికి ఆ మన్నే గీక్కుని పోయేవాళ్లు. గడ్డిపోచ మొలవని నేల మీద పూలు కావాలంటే ఆ నేలకు పైన ఇంకో నేల కట్టుకోవాలి. మా అత్త చేసిన పని అదే. అడుగున గులకరాళ్లు, వాటి మీద పెన్నేటి ఇసుక, చౌడు పైకి ఎక్కకుండా. ఆపైన ఎండాకాలం చెరువులో నీళ్లు ఇంకిపోయాక తోలించిన ఒండ్రుమట్టి, మాగిన పేడ ఎరువు, కానుగాకు. మా మామ పోయిన తర్వాత ఏడాదికి ఒకటో రెండో చొప్పున ఆ మడులన్నీ కట్టించిందట. నిలబడి చెయ్యి కిందికి వదిలితే అరచెయ్యి సరిగ్గా బండ అంచుకు ఆనేంత ఎత్తు. ఇంత ఎత్తు ఎందుకత్తా అని అడిగితే వంగలేనంది. కళ్లమంతా వంగి ఊడ్చేది ఆమే కాబట్టి ఆ జవాబు నాకు నచ్చలేదు, కానీ కొత్త కోడలిని, ఊరుకున్నాను.

ఆ ఎండాకాలమే నా చదువు మొదలైంది. మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, చెరువు నుంచి బండెడు మట్టి తోలుకొచ్చాడు. అత్త చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. వెంటనే ఉమ్మేసి, తూర్పు పక్క తవ్వినావు, ఆడ చౌడు కలుస్తాది, తిరిగి తోలుకుపో అని ఆ బండిని వెనక్కి పంపింది. మరిది గొణుక్కుంటూ పడమటి పక్క మట్టి తెచ్చాక నన్ను పిలిచి, నన్నూ నాలుక మీద వేసుకోమంది. నాకు బురద తిన్నట్టే ఉంది, అంతకుమించి ఏమీ తెలియలేదు. మళ్లీ అంది. మళ్లీ వేసుకున్నాను. హిందూపురంలో మా అమ్మకు ఈ సంగతి తెలిస్తే నాకు అన్నం పెట్టడం లేదనుకునేది. తర్వాత తర్వాత నాకే ఆ రుచి తెలిసి వచ్చింది. మంచి మట్టి నాలుక మీద చల్లగా కరుగుతుంది, చౌడు కలిసినది చివర్లో జిలపెడుతుంది.

నాటడంలో మాత్రం ఆమె మొండితనం నాకు అర్థమయ్యేది కాదు. ఒక మడిలో ఒకటే చెట్టు. వాకిలి మెట్టు పక్కన మల్లె, దాన్ని ఆనుకుని మరువం, మలుపులో దవనం. నీళ్ల తొట్టి దాటితే సన్నజాజి. చేదబావికి ముందు అడ్డంగా వావిలి పొద. ఆకు తగిలితే చాలు ఘాటైన వాసన వేస్తుంది వావిలి. మా వైపు ఆడపిల్ల కనకాంబరాలు పెట్టుకోకుండా గడప దాటదు, అలాంటిది ఈ దొడ్లో ఒక్క కనకాంబరం మొక్క లేదు. పుట్టింటికి పోయినప్పుడు నారు తెచ్చుకుని, ఆమెకు చెప్పకుండా మరువం మడిలో అక్కడక్కడా నాటాను. ఆకుపచ్చ మధ్య ఆ రంగు ఎంత బాగుంటుందో అనుకున్నాను. రెండు రోజుల తర్వాత మరువం తుంచుతూ చేతికి ఏదో కొత్త ఆకు తగిలి ఆమె ఆగింది. తడిమి తడిమి ఒక్కొక్క మొక్కనూ పీకేసింది. వాసన లేని పువ్వు తనకెందుకంది. యాడుండేది ఆడుండాల అంది. పక్కనే ఉన్న మరిది ఫక్కున నవ్వాడు. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, నాకు మొక్కలు పోయినందుకు కాక మరిది నవ్వినందుకు ఏడుపొచ్చింది.

ఇంకో సంగతి కూడా నన్ను వేధించేది. ఆమె మొగుడు పోయిన మనిషి, పూలు పెట్టుకోదు. కోసిన పూలన్నీ ఊళ్లో ఆడపిల్లలకు పంచేసేది. పెళ్లికి పూలు కావాలని ఎవరైనా వస్తే బుట్ట నింపి ఇచ్చేది, ఆ పెళ్లికి మాత్రం పోయేది కాదు. మరి ఎవరి కోసం ఇంత చాకిరీ అని అడగాలనిపించేది. అడిగే చనువు ఇంకా రాలేదు.

జవాబు ఒక మిట్టమధ్యాహ్నం దొరికింది. పొలం నుంచి వచ్చిన మరిది, దున్నిన చేను చదును చేసే గుంటకను కొట్టంలో పెట్టకుండా దొడ్లో, మడుల మధ్య దారిలో పడేసి పోయాడు. నేను వాకిలి మెట్టు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నాను. అత్త చంకలో పూలబుట్టతో, ఒక చెయ్యి బండ అంచు మీద జారుస్తూ, ఎప్పటిలాగే చకచకా వస్తోంది. ఎండ కళ్లు చెదిరేలా ఉంది. గుంటక నల్లగా, దారికి అడ్డంగా, ఆమె కాళ్ల ముందే ఉంది. ఆమె ఆగలేదు. అత్తా గుంటక అని నేను అరిచాను.

ఆమె టక్కున నిలబడింది. "యాడ?" అంది.

గుంటక ఆమె కాలికి జానెడు దూరంలో ఉంది. నేను పరుగెత్తుకుపోయి దాన్ని పక్కకు లాగాను. ఆమె బండ అంచు మీద కూర్చుంది. నా ముఖం ఉన్నదనుకున్న వైపు చూసింది, నేను మాత్రం ఇంకాస్త ఎడమకు ఉన్నాను. ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో. సూదిలో దారం నన్నే ఎక్కించమనేది. కొత్త చోటికి పోవాలంటే ఏదో ఒక వంక చెప్పి మానుకునేది. పెళ్లిళ్లకు పోకపోవడం కూడా అందుకేనని అప్పుడు అర్థమైంది. కన్నకొడుకులకు తెలియలేదా అని మీరు అడగవచ్చు. పగలంతా చేలో, రాత్రయితే నిద్రలో ఉండే మగవాళ్లు. తల్లి వండింది తింటారు, తల్లి కళ్లలోకి చూసేవాళ్లు ఎందరుంటారు.

ఆమె చెప్పింది తక్కువే. మా మామ పోయిన కొత్తలో రేచీకటి మొదలైందట. తర్వాత పక్కలు మూసుకుంటూ వచ్చాయట, సందులోంచి చూసినట్టు నడుమ మాత్రం కొంచెం మిగిలిందట. ఇప్పుడు అదీ లేదు, వెలుగు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది, అంతే. వాళ్ల అమ్మకూ ఇట్లాగే అయిందట.

"మా అన్నలు మంచోళ్లే పాపా. అమ్మ పడతాదని మూలన కూసోబెట్టిరి. కోడిని గంప కింద మూసినట్ల. సచ్చేదాకా ఆ మూల్నే ఉండె," అంది. బండ అంచు తడుముతూ, "నాకూ అదే వస్తాదని తెల్సె. కండ్లున్నెప్పుడే దారి పరుచుకుంటి," అంది.

అప్పుడు ఆ దొడ్డి మొత్తం నాకు కొత్తగా కనిపించింది. ఆ ఎత్తు చెయ్యి ఆనడానికి. ఆ వాసనలు తాను ఎక్కడుందో తెలియడానికి. మల్లె, జాజి కాలాన్ని బట్టి పూసినా మరువం, దవనం, వావిలి ఏడాది పొడుగునా ఆకు నలిపితే పలుకుతాయి. వావిలి తగిలిందంటే ముందు బావి ఉంది, ఆగు అని. కనకాంబరం మూగది, దానికి ఆ దొడ్లో చోటు లేకపోవడం న్యాయమే. ఎవరికీ చెప్పొద్దని ఆమె నన్ను అడగలేదు. నేను చెప్పే మనిషిని కానని ముందే తేల్చుకున్నట్టు లేచి, బుట్ట సర్దుకుని లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకటయ్యాం. దొడ్లో దారి మీద ఏ వస్తువూ లేకుండా చూడడం నా వంతు. ఒకరోజు ఆమె నన్నూ కళ్లు మూసుకుని దొడ్డంతా చుట్టి రమ్మంది. నవ్వులాటకనుకున్నాను. నాలుగడుగులకే మోకాలు బండకు కొట్టుకుంది. తొందరపడొద్దు, చెయ్యి బండను అడుగుతాది, ముక్కు ఆకును అడుగుతాది, కాలు కడగా, అన్నిటి ఎనక పోతాది అని ఆమె మెట్టు మీద నుంచే చెప్పింది. ఎన్నిసార్లు చుట్టానో తెలియదు. దవనం దగ్గర ఎడమకు తిరగాలని నా కాళ్లు నేర్చుకున్నది అప్పుడే. తర్వాత ఆమె చెప్పకపోయినా పనులు సందు దొరికినప్పుడు కళ్లు మూసుకుని తిరిగేదాన్ని. ఆమె లోకంలోకి పోయి చూసి వచ్చినట్టుండేది.

నా మొదటి కాన్పు నిలవలేదు. నెలలు నిండకముందే పోయింది. అమ్మలక్కలు వచ్చి ఓదార్చారు, వాళ్ల ఓదార్పు వింటే ఇంకా ఏడుపొచ్చేది. కొన్నాళ్లకు నేను లేచి తిరుగుతున్నప్పుడు అత్త నన్ను దొడ్లోకి పిలిచింది. ప్రహరీ గోడను ఆనుకుని ఒక కొత్త మడి. బండలు నిలబెట్టించి, గులకరాళ్లు, ఇసుక వేయించి, మట్టి పోయకుండా ఖాళీగా ఉంచింది.

"ఇది నీది. ఏమన్నా పెట్టుకో," అంది.

కనకాంబరమైనా పెట్టుకోవచ్చా అని అడిగాను. నీ ఇష్టం అంది. ఆ మట్టి అంతా నేనే గంపలతో మోసి పోశాను. రుచి నేనే చూశాను. ఏడ్చిన ఏడుపు కూడా అందులోనే కలిసింది. కనకాంబరాలు విరగబూసినప్పుడు ఆమె వచ్చి ఆ పూల మీద అరచెయ్యి ఉంచి, మెత్తగుండాయి అంది. ఆమెకు పనికిరాని పువ్వు ఆ దొడ్లో అదొక్కటే, దాన్ని నా కోసం ఉండనిచ్చింది. ఆ తర్వాత నాకు కొడుకు పుట్టాడు, కూతురు పుట్టింది, కానీ ఆ మడి దగ్గర కూర్చున్నంత నెమ్మది నాకు ఇంకెక్కడా దొరకలేదు.

అరవైల నడుమ వానలు మొహం చాటేశాయి. మరిదికి పెళ్లయింది. చేని బావిలో నీళ్లు అడుగంటేసరికి ఎవరి వంతు ఎప్పుడని మా ఆయనకూ మరిదికీ మాటా మాటా పెరిగింది. పంచుకుని వేరుపడితే మర్యాద మిగులుతుందని అందరూ అన్నారు. ధర్మవరంలో రైల్వే పనిలో ఉన్న మా బావ, అంటే మా ఆయన అన్న, సెలవు పెట్టి వచ్చాడు. ఆయనకు తల్లంటే ప్రాణం. వచ్చినప్పుడల్లా ఆమె కాళ్ల దగ్గరే కూర్చునేవాడు. ఆమె ఆయన ముందు మడుల మధ్య నడిచి చూపించేది, కొడుకు పొంగిపోయేవాడు, మా అమ్మ ఇంకా పడుచుదే అనేవాడు.

పెద్దమనుషులు నలుగురు అరుగు మీద కూర్చున్నారు. మా దిక్కు పద్ధతి ఒకటుంది: పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. పంచేవాడికి ఎక్కువ తక్కువలు చేసే ఆశ పుట్టకుండా పెట్టిన పద్ధతి. బావ తన వంతుకు మెట్టచేను చాలన్నాడు. ఇల్లూ దొడ్డీ తమ్ముళ్లిద్దరికీ సమానంగా రావాలని తాడు వేసి కొలిచాడు. తాడు సరిగ్గా మల్లె మడి మీదుగా, దవనం మీదుగా, జాజి పాదును చీల్చుకుంటూ పోయింది. తాడు వెంబడే గోడ రావాలి. మడులు తీసేస్తే బండలూ మంచి మట్టీ కూడా చెరి సగం చేయవచ్చని బావ అన్నాడు. ఎవరికీ అన్యాయం జరగకూడదని ఆయన తాపత్రయం. తల్లి మాత్రం కొడుకుల ఇళ్లలో వంతుల వారీగా ఉంటుందని ముందే అనుకున్నారు.

అత్త వాకిట్లోకి వచ్చి నిలబడింది. చేను వద్దు, బంగారం వద్దు, ఆ దొడ్డి ఉన్నది ఉన్నట్టు తన పేరు మీద ఉంచమని అడిగింది. పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వాడు. పూలు పెట్టుకోని మనిషికి పూలతోట ఎందుకమ్మా అన్నాడు. మిగతావాళ్లు తలలు వంచుకున్నారు, మొగుడు పోయిన ఆడది పూల కోసం నోరు తెరిచి అడగడం వాళ్లకు సిగ్గుగా తోచింది. నేను గుమ్మం వెనక నిలబడి ఉన్నాను. ఆమె ఇప్పుడు నిజం చెప్పకపోతే మడులు పోతాయి. చెబితే గంప కిందికి పోతుంది. ఆమె చెయ్యి గోడ మీద అటూ ఇటూ కదిలింది, అంతే.

"నాకు కండ్లు కనపడవు నాయనా," అంది. "ఆ బండలు పట్టుకుని నడుస్తాండా. అవి తీసేస్తే నాకు దారి లేదు."

బావ అరుగు మీద నుంచి లేచాడు. మీసాలు నెరుస్తున్న మనిషి, పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఇన్నేళ్లూ ఒంటిగా ఆ బావి దగ్గర తిరిగావా అమ్మా అంటూ వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఇక వదలలేదు. తనతో ధర్మవరం తీసుకుపోతానన్నాడు, పెద్ద డాక్టరుకు చూపిస్తానన్నాడు, ఇకమీదట ఒక్క అడుగు కూడా ఒంటిగా వెయ్యనివ్వనన్నాడు. కొడుకంటే అట్లా ఉండాలని పెద్దమనుషులు కళ్లు తుడుచుకున్నారు. ఆమె ఇక్కడ ఉండదు కాబట్టి మడుల మాట కూడా తేలిపోయిందన్నారు.

కోడళ్లు పెద్దల ముందు నోరెత్తే రోజులు కావు. అయినా గుమ్మం దాటి వచ్చాను. అత్తను ఇక్కడే ఉండనివ్వండి బావా, దొడ్డిని ముట్టుకోకండి, నేను చూసుకుంటాను అన్నాను. బావ అయోమయంగా చూశాడు. నవ్విన పెద్దమనిషే మళ్లీ అందుకున్నాడు, "కోడలు తెలివైందప్పా, అత్త పేరు చెప్పి దొడ్డంతా ఎత్తుకుంటాంది," అని. మరిది భార్య విసురుగా లోపలికి పోయింది. మా ఆయన కూడా నా వైపు అదోలా చూశాడు. ఊరుకో పాపా అంది అత్త, నేను ఎక్కడ నిలబడ్డానో ఆ వైపే తిరిగి.

మర్నాడు బండి కట్టారు. పెనుకొండ పోయి రైలెక్కాలి. బయల్దేరే ముందు ఆమె వెనక వాకిలి వైపు ఒక అడుగు వేసింది. బండలను ఒకసారి తడమాలనుకుందని నాకు తెలిసింది. బావకు తెలియలేదు. ఇటు కాదమ్మా, బండి ఇటుంది అని మెల్లగా, ఎంతో ప్రేమగా తిప్పాడు. అప్పటికే ఆమె రెండు చేతులూ కొడుకు చేతుల్లో ఉన్నాయి. పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి బండిలో కూర్చోబెట్టాడు. వారం తిరక్కుండా గోడ లేచింది. మడుల బండలు ఆ గోడకే పునాది అయ్యాయి. మట్టి సగం సగం తోలుకున్నారు. తర్వాత వచ్చిన ఎండాకాలానికి దొడ్డి మళ్లీ తెల్లగా పొంగింది.

ధర్మవరం పోయి ఆమెను చూడడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ఇరుకు వీధి, ఇరుపక్కలా మగ్గాల చప్పుడు. ఆ చప్పుడులో ఎవరు వచ్చేదీ ఎవరు పోయేదీ ఆమెకు వినిపించదు. డాక్టరు చూసి, ఇది నయమయ్యేది కాదని చెప్పాడట. లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఉతికిన చీర, దువ్విన తల. మా తోడికోడలు, బావ భార్య, వేళకు స్నానం చేయించేది, అన్నం కలిపి చేతికి ఇచ్చేది. వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ నా చూపు ఆమె పాదాల మీదికి పోయింది. చౌడు నేల మీద తిరిగి పగుళ్లు తేలిన ఆ పాదాలు పత్తిలా మెత్తబడ్డాయి.

తువ్వాలులో మూటకట్టి చెరువు మట్టీ, తడిగుడ్డలో చుట్టి మరువం కొమ్మలూ తీసుకుపోయాను. చిటికెడు మట్టి ఆమె చేతిలో పెట్టాను. నాలుక మీద వేసుకుంది. బాగా ఏరినావు అంది. ఆమె నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. వీధి వాకిలి మెట్టు పక్కన జానెడు ఖాళీ ఉంది. నాలుగు ఇటుకలు పేర్చి, మట్టి పోసి, మరువం గుచ్చాను. ఆమె తానే అక్కడికి నడిచి వస్తానంది. గోడ పట్టుకుని గది గడప దాటింది. అంతలో డ్యూటీ నుంచి బావ వచ్చాడు. తల్లి ఒంటిగా నిలబడి ఉండడం చూసి, టోపీ అయినా తియ్యకుండా పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చెయ్యి వదులు నాయనా," అంది ఆమె, కోపం లేకుండా. "నీ చెయ్యి ఆడ పెట్టు, నేను పట్టుకుంటా. నువ్వు పట్టుకుంటే సంచి మాదిరి నీ ఎంట వస్తాండా. నేను పట్టుకుంటే నేనే నడుస్తా."

ఆయనకు అర్థం కాలేదు. ఏదైనా ఒకటే కదమ్మా, పడతావు అన్నాడు. పడితే లేస్తా అంది. ఆ మాటకు ఆయన అట్లా అనొద్దమ్మా అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కొడుకు ఏడుపు వినపడగానే ఆమె ముఖం మారిపోయింది. వదిలించుకున్న చేతిని తానే మళ్లీ కొడుక్కి అందించింది. ఆయన జాగ్రత్తగా నడిపించుకుపోయి మంచం మీద కూర్చోబెట్టాడు. మరువం ఆకు ఒకటి తుంచి తెచ్చి ఆమె గుప్పిట్లో పెట్టాను. నలపలేదు. ఊరికే పట్టుకుని కూర్చుంది.

ఆ చలికాలంలోనే పోయింది. జబ్బంటూ ఏమీ లేదు, తిండి తగ్గింది, మాట తగ్గింది. దినాల నాడు వచ్చినవాళ్లందరికీ బావ ఒకే మాట చెప్పుకున్నాడు: మా అమ్మను ఒక్కనాడు పడనివ్వలేదు, ఒంటి మీద గీత కూడా పడకుండా పంపించాను అని. నిజమే, అబద్ధం కాదు. ఆయన ముఖంలో ఆ తృప్తి చూస్తే నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఎవరి మీద కోపమో తెలియలేదు. అంత ప్రేమ ఉన్న మనిషికి ఏమని చెప్పాలి. ఒక దుర్మార్గుడి చేతిలో ఆమె అట్లా అయిపోయి ఉంటే తిట్టుకుని అయినా ఊరటపడేదాన్ని.

ఆ తర్వాత ముసలివాళ్ల పక్కన, జబ్బుపడ్డవాళ్ల పక్కన ఎన్నోసార్లు నిలబడ్డాను. మా అమ్మను చూసుకున్నాను, మా ఆయన చివరి రోజులు చూసుకున్నాను. ఎవరి చెయ్యీ నేను పట్టుకోలేదు. నా చెయ్యి వాళ్లకు అందేలా పెట్టి ఆగేదాన్ని. చూసేవాళ్లకు అది కాఠిన్యంలా కనిపించేది, మా కూతురే ఒకసారి ఆ మాట అనేసింది. అననీ అనుకున్నాను.

అత్త తల్లికి వచ్చింది, అత్తకు వచ్చింది, ఆ చూపు జబ్బు చివరికి బావకూ వచ్చింది. రిటైరైన చాలా ఏళ్లకు, భార్య కూడా పోయాక, మేము పల్లె వదిలి చేరిన హిందూపురంలో మా ఇంటికి వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. అప్పటికి చూపు పూర్తిగా పోయింది. వచ్చిన రోజు ఆటో దిగి గేటు దగ్గర నిలబడి, రెండు చేతులూ ముందుకు చాచి, ఎవరైనా వచ్చి పట్టుకుంటారని ఎదురుచూస్తున్నాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను. "బావా, నా చెయ్యి ఈడ ఉండాది. నువ్వే పట్టుకో," అన్నాను. ఆయన గాలిలో వెతికాడు, తప్పాడు, మళ్లీ వెతికాడు. నా మణికట్టు దొరికింది. పట్టుకుని రెండడుగులు వేసి, ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అమ్మ ఆ పొద్దు అడిగింది ఇదేనా?" అన్నాడు.

ఇదే బావా అన్నాను. ఆయన అక్కడే నిలబడి ఏడ్చాడు. ఏడుపు ఆగేదాకా నా చెయ్యి ఆయన పట్టులోనే ఉంచి నిలబడ్డాను. నేను పట్టుకోలేదు.